నాన్నగారి పద్మినిని మళ్లీ రోడ్డెక్కించాలంటే: రంగు సంగతి ఆఖరున చూద్దాం

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. నాన్నగారి పేరు మీద 1991 మోడల్ ప్రీమియర్ పద్మిని, ఏపీ 9 నంబరు, సైదాబాద్ ఇంట్లో రేకుల షెడ్డు కింద 2016 నుంచి కదలకుండా ఉంది. ఆర్సీ గడువూ ఆ ఏడాదే అయిపోయింది. నాన్నగారు పోయి మూడేళ్లు. ఇప్పుడు దాన్ని బాగుచేయించి మాట్ బ్లాక్ రంగు కొట్టించి, అల్లాయ్ వీల్స్, డిస్క్ బ్రేకులు, ఎల్ఈడీ లైట్లు, కుదిరితే మారుతి ఇంజిన్ పెట్టించి ఆఫీసుకు తిప్పాలని మీ ఆశ. పెయింటర్ లక్షా పాతిక వేలు అడిగి అడ్వాన్స్ ఇమ్మంటున్నాడు, ఇవ్వొచ్చా అన్నది ప్రశ్న.

ఇవ్వొద్దు. ఎప్పటికీ వద్దని కాదు, ఈ మొత్తం పనిలో అందరికంటే ఆఖరున డబ్బు ఇవ్వాల్సిన మనిషి అతను. నేను ఇరవై రెండేళ్లుగా పాత బళ్లతోనే సావాసం చేస్తున్నాను. ఇంట్లో 1983 పద్మిని ఒకటి, యెజ్డి రోడ్‌కింగ్ ఒకటి, ఇంకా ప్రాణం పోసుకోని చేతక్ ఒకటి ఉన్నాయి (చేతక్ సంగతి మా ఆవిడ దగ్గర మాత్రం ఎత్తొద్దు). సగంలో ఆగిపోయి షెడ్లలో దుమ్ము పట్టిన బళ్లు నేను చూసినవాటిలో ఎక్కువ భాగం రంగుతో మొదలుపెట్టినవే. ఇల్లు అలకగానే పండగ కాదని మనవాళ్లు ఊరికే అనలేదు. నిగనిగలాడే బండిలోంచి ఇంజిన్ దించుతుంటే మడ్‌గార్డుల మీద గీతలు పడతాయి, ఫ్లోర్ కోసి వెల్డింగ్ పెడితే కొత్త రంగు పొంగిపోతుంది, అప్పటికి జేబూ ఖాళీ అవుతుంది, బ్రేకుల దగ్గరికొచ్చేసరికి "ప్రస్తుతానికి ఇలా కానిద్దాం" అంటారు. ఆ ప్రస్తుతం ఎప్పటికీ అయిపోదు.

ఇవాళ సాయంత్రం చేయాల్సిన పని ఒకటుంది, పైసా ఖర్చు లేదు. ఆర్సీ చేత్తో పట్టుకుని బోనెట్ ఎత్తండి. బాడీ మీద కొట్టిన ఛాసిస్ నంబరు, ఇంజిన్ బ్లాక్ మీది నంబరు ఆర్సీలో ఉన్నట్టే ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూడండి. జిడ్డు ఉంటే కిరోసిన్ తడిపిన గుడ్డతో మెల్లగా తుడవండి. వైర్ బ్రష్షు, ఎమెరీ పేపరు ఆ చుట్టుపక్కలకు రానివ్వొద్దు. నాలుగు ఫొటోలు తీసుకుని, పల్చటి కాగితం అద్ది పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ కూడా తీసి పెట్టుకోండి. ఎంవీఐ (రవాణా శాఖలో బళ్లు పరీక్షించే ఇన్‌స్పెక్టర్) బండి చూసేటప్పుడు అడిగేది కూడా ఆ పెన్సిల్ ప్రింటే.

ఇంత నొక్కి ఎందుకు చెప్తున్నానంటే నేను ఇదే చోట దెబ్బతిన్నాను. 2009లో నా మొదటి పద్మినిని రంగుకిచ్చి ఊరెళ్లాను. షెడ్డులో కుర్రాడు ఎవరో పాపం ఒళ్లు వంచి పని చేశాడు, బోనెట్ కింద రేకంతా గ్రైండర్ పట్టి, లప్పం పూసి, ప్రైమర్ కొట్టి అద్దంలా చేశాడు. ఛాసిస్ నంబరు ఆ అద్దం కింద ఎక్కడో పోయింది. రెన్యువల్‌కి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి చూసి, వేలితో తడిమి, "నంబరేదండీ" అన్నాడు. నా దగ్గర ఫొటో లేదు, ప్రింట్ లేదు. ఆ బండి నాదేనని నేను రుజువు చేసుకోవాల్సి వచ్చింది, పాత కాగితాలన్నీ పెట్టి, అనుమతి తెచ్చుకుని నంబరు మళ్లీ కొట్టించుకునేసరికి ఎనిమిది నెలలు. పంచ్‌లు కొనుక్కుని మనమే కొట్టేసుకుంటే పోలా అని సలహా ఇచ్చేవాళ్లు మీకూ దొరుకుతారు. దొంగబండ్ల వాళ్లు చేసేది సరిగ్గా అదే, ఆ పని చేయకండి.

ఇంజిన్ నంబరు కలవకపోతే కంగారు పడకండి కానీ దాచిపెట్టకండి. ఆ రోజుల్లో ఇంజిన్ పాడైతే రీకండిషన్ చేసిన ఇంకో ఇంజిన్ ఎక్కించేయడం మామూలు, ఆర్సీలో ఎక్కించాలన్న ఆలోచన చాలామందికి ఉండేది కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అదే కంపెనీ ఇంజినైనా మారిస్తే పద్నాలుగు రోజుల్లో ఆర్టీఏకి, అంటే రవాణా శాఖ ఆఫీసుకి, చెప్పి ఆర్సీలో రాయించాలి. ఈ తేడా బండి మీద ఖర్చు పెట్టకముందు తెలియాలి, మూడు లక్షలు పెట్టాక కాదు.

ఇక కాగితాలు. ఏపీ 9 కాబట్టి మూల రికార్డు ఖైరతాబాద్‌ది, మీ ఇల్లేమో మలక్‌పేట కిందికొస్తుంది, ముందు రికార్డు ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో కనుక్కోండి. అప్పటి ఆర్సీ పుస్తకాల వివరాలు కొన్ని కంప్యూటర్‌లోకి ఎక్కలేదు, ఎక్కినవాటిలోనూ అక్షరాల తప్పులుంటాయి. మా వాడి ఒక బండికి రంగు గడిలో ఇంధనం పేరు ఉంది. అవి సరిచేయించుకోవడానికే రెండు మూడు సార్లు తిరగాలి. బండి మీ పేరు మీదికి రావాలంటే ఫారం 31. యజమాని పోయిన 30 రోజుల్లో తెలియజేయాలి, 3 నెలల్లో దరఖాస్తు పెట్టాలి అన్నది రూలు, మీకు ఆ గడువు దాటింది కాబట్టి ఆలస్యపు రుసుము పడుతుంది. మరణ ధ్రువీకరణ పత్రం, మీ సేవలో పెట్టి తహసీల్దార్ ఆఫీసు నుంచి తెచ్చుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మగారు, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఎవరుంటే వాళ్ల నుంచి అభ్యంతరం లేదని అఫిడవిట్. ఇంట్లో మాటలు బాగున్న రోజునే సంతకాలు తీసుకోండి, ఇంతకంటే ఏం చెప్పను.

రెన్యువల్‌కి ఫారం 25. సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేసి ఏళ్లకు పొడిగింపు, ప్రతిసారీ బండిని చూపించాలి. 2022 ఏప్రిల్ దాకా కారు రెన్యువల్ 600 రూపాయలు ఉండేది, అప్పుడు 5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు, టూవీలర్లకు 2,000. ఆలస్యమైతే కార్లకు నెలకు 500, టూవీలర్లకు 300 అదనం. దీనిపైన గ్రీన్ ట్యాక్స్ వేరే. అంటే మీరు ఊరికే నిలబెట్టిన ప్రతి నెలా కూడా ఖర్చే, అందుకే రంగు కంటే ముందు కాగితాలు అంటున్నా.

ఇక్కడ ఒక భయం తీసేస్తాను, ఎందుకంటే మీరూ రాశారు, మా బావమరిది కూడా నెలకోసారి ఫార్వర్డ్ చేస్తాడు: "పదిహేనేళ్లు దాటితే బండి తుక్కే." అది ఢిల్లీ చుట్టుపక్కల డీజిల్‌కు 10, పెట్రోల్‌కు 15 ఏళ్లు అని పెట్టిన ఆంక్ష. ఇంకోటి, ప్రభుత్వ శాఖల సొంత బళ్లకు 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ ఉండదు. ఈ రెండూ కలిపి ఎవరో వండారు. హైదరాబాద్‌లో మీ సొంత కారు పరీక్షకు నిలబడితే ఐదేళ్లు, మళ్లీ నిలబడితే ఇంకో ఐదేళ్లు. అలాగే ఏపీ 9 అని ఉందని నంబరు మార్చుకోవాల్సిన పనీ లేదు. టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది, మీ ఏపీ 9 అలాగే ఉంటుంది. ఉంచుకోండి, ఆ నంబరు చూసే జనం ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర అద్దం దించి పలకరిస్తారు.

ఆర్సీ బతికే దాకా బండిని రోడ్డు మీద నడపొద్దు, గల్లీ చివర వర్క్‌షాపుకైనా సరే. రికవరీ బండి మీద ఎక్కించి పంపండి.

సరే, వర్క్‌షాపుకి పోయాం. పదేళ్లు నిలబడిన ఇంజిన్‌ని బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టాలని చేతులు దురద పెడతాయి. వద్దు. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి, తర్వాత చేత్తో తిప్పి చూడండి. తిరిగితే సగం అదృష్టం. తిరగకపోతే బలవంతం చేస్తే పిస్టన్ రింగులు విరిగి, పోయిన దానికి ఇంకో పదివేలు తోడవుతుంది. పాత ఆయిల్ దించేయండి. పెట్రోల్ ట్యాంకులో మిగిలింది పెట్రోల్ కాదు, బంక. ట్యాంకు దించి కడిగించండి, లోపల తుప్పు పట్టి ఉంటే చూసీచూడనట్టు ఊరుకోకండి, ఆ పొడంతా కార్బురేటర్ జెట్లలోకి చేరి మిమ్మల్ని ప్రతి ఫ్లైఓవర్ మీదా ఆపుతుంది.

పెట్రోల్ గురించి ఇంకొంచెం చెప్పాలి. మీ కారు పుట్టినప్పుడు బంకులో దొరికింది సీసం కలిపిన పెట్రోల్. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేనిదే. పాత ఇంజిన్లలో వాల్వు సీట్లు అరగకుండా ఆ సీసమే కాపాడేది. కాబట్టి హెడ్ ఎలాగూ దించుతారు కదా, గట్టి సీట్లు వేయించండి, బాలానగర్ లేత్ షాపుల్లో చేస్తారు. ఇప్పుడేమో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. అది పాత రబ్బరును తినేస్తుంది, నీటిని పీల్చుకుంటుంది. పెట్రోల్ పంపు డయాఫ్రం, కార్బురేటర్ ప్యాకింగులు, గొట్టాలు అన్నీ కొత్తవి, ఇథనాల్‌ని తట్టుకునే రకం వేయించండి. మామూలు నల్ల పైపు మీటర్ యాభై అరవైకి వస్తుంది, ఇది దానికి నాలుగింతలు ఉంటుంది, మొత్తం కారుకి పట్టేది మీటరో రెండు మీటర్లో. ఇక్కడ మిగుల్చుకునేది ఏమీ లేదు. ఆ పైపు చిట్లి వేడి సైలెన్సర్ మీద చుక్కలు పడితే ఏమవుతుందో బేగంపేట ఫ్లైఓవర్ పక్కన నేను కళ్లారా చూశాను. అప్పటి నుంచి సీటు కింద చిన్న మంటలార్పే సిలిండర్ లేకుండా బయల్దేరను.

బ్రేకులు. మీరు డిస్క్ అడిగారు. పద్మినికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, అవి సరిగ్గా ఉంటే ఆ బండి వేగానికి సరిపోతాయి. సరిగ్గా ఉన్న డ్రమ్ బ్రేకులు ఎలా ఉంటాయో చాలామందికి తెలియదు, ఎందుకంటే ఎవరూ వాటిని పూర్తిగా చేయించరు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బర్ హోసులు, వెనక దాకా వెళ్లే ఇనుప పైపు అన్నీ విప్పించండి. పైపు పైకి బాగానే ఉంటుంది, క్లిప్పుల కింద తుప్పు తిని కాగితంలా అయి ఉంటుంది, బ్రేక్ గట్టిగా తొక్కిన రోజే పగులుతుంది. కొత్త పైపు లాగించండి. డ్రమ్ములు లేత్ మీద పట్టించి, లైనింగులు కొత్తవి వేయించి, ఎడమ కుడి సమంగా పట్టేలా అడ్జస్ట్ చేయించండి. ఆయిల్ సీసా కొత్తది తెరిపించండి, షాపులో సగం వాడి మూత పెట్టింది వద్దు. ఇన్‌స్పెక్టర్ బ్రేక్ చూసేటప్పుడు బండి పక్కకు లాగితే అక్కడే తిరగ్గొడతారు, అది న్యాయమే కూడా. ఏదో కారు డిస్కు తెచ్చి బ్రాకెట్ వెల్డింగ్ చేసి తగిలించే ఉస్తాద్‌లు ఉన్నారు. ఆ వెల్డింగ్ మీద మీ పిల్లల్ని కూర్చోబెట్టి ఓఆర్ఆర్ ఎక్కుతారా అన్నదే నా ప్రశ్న.

స్టీరింగ్ సంగతి: రూల్స్‌లో 30 డిగ్రీల లోపు ప్లే (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే ఖాళీ) ఉండొచ్చు. నడవకుండా నిలబడ్డ పద్మినికి కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన పిన్నులు), బుష్‌లు, స్టీరింగ్ బాక్సు మూడూ కలిసి అంతకు మించి ఊగుతుంటాయి. ముందు జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి, మీకే తెలుస్తుంది. టైర్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, మీవి గాడి ఉన్నా పారేయాల్సినవే, పదేళ్లుగా ఒక్క చోట బరువు మోసి పగిలి ఉంటాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. షాపువాడు "కొత్త స్టాక్ సార్" అన్నా అది చూసే కొనండి.

బాడీలో తుప్పు ఎక్కడ దాక్కుంటుందంటే ఫ్లోర్ మ్యాట్ కింద, డోర్ కింది సిల్లులో, జాకీ పెట్టే చోట, బ్యాటరీ ట్రే కింద, డిక్కీలో స్టెపినీ గుంతలో, వెనక కమాన్ పట్టీలు బాడీకి తగులుకునే దగ్గర. చిన్న స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ వెళ్లండి. లోపలికి దిగిన చోటల్లా రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాలి, దాని మీద లప్పం పూసి రంగేస్తే పైన పటారం లోన లొటారం. ఈ కారుకి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే దాని ఎముకలు, సిల్లు కుళ్లితే డోర్లు మూసుకోవు. టింకరింగ్ (రేకు) పని జరిగేటప్పుడు మాత్రం వారానికి రెండుసార్లు వెళ్లి చూడండి, ఒకసారి ప్రైమర్ పడ్డాక లోపల ఏం చేశారో దేవుడికే తెలియాలి. శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తామంటే తలుపులు, బోనెట్, టాప్ మీద వద్దనండి, పల్చటి రేకు అలలు తేలుతుంది.

వైరింగ్ మొత్తం కొత్తది. ఎలుకలు తినని పాత పద్మిని వైరింగ్ నేను చూడలేదు.

ఇప్పుడు మీ మార్పుల జాబితా. ముందు చట్టం ఏమంటుందో: కంపెనీ ఇచ్చిన వివరాలకు, అంటే ఆర్సీలో రాసి ఉన్నదానికి, తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఏ సెక్షన్ పెట్టారు, అనుమతి లేని మార్పులకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్న మాట మళ్లీ చదవండి. అరిగిన భాగం తీసి అదే భాగం కొత్తది వేయడం మార్పు కాదు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి రిస్టోరేషన్‌కి చట్టం అడ్డు కాదు.

రంగు: ఆర్సీలో రంగు గడి ఉంది. మాట్ బ్లాక్ వేయాలంటే ముందు అనుమతి, తర్వాత ఆర్సీలో నమోదు. అయ్యే పనే. నచ్చుతుందా అంటే నాకు నచ్చదు, మన ఎండలో నల్ల పద్మినిలో కూర్చుంటే పకోడీలా వేగుతారు, మాట్ మీద మరక పడితే పాలిష్ కూడా చేయలేరు. నాన్నగారి ఫొటోల్లో ఉన్న రంగే వేయించండని నా మాట, వినకపోయినా ఏం అనుకోను. అద్దాలకు నల్ల ఫిల్మ్ మాత్రం అడగనే వద్దు, 2012లో సుప్రీంకోర్టు వద్దన్నాక అది ఎక్కడ కనిపించినా ఆపుతారు.

అల్లాయ్ వీల్స్: వెడల్పు టైర్లు, మడ్‌గార్డ్ బయటికి పొడుచుకొచ్చే చక్రాలు వద్దు. పవర్ స్టీరింగ్ లేని బండి, కింగ్ పిన్నుల మీద తిరిగే చక్రం, దానికి వెడల్పు టైరేస్తే పార్కింగ్‌లో భుజాలు పడిపోతాయి, ఆరు నెలల్లో బుష్‌లు పోతాయి. ఒరిజినల్ 14 అంగుళాల రిమ్ములు పౌడర్ కోటింగ్ చేయించి క్రోమ్ కప్పులు పెట్టండి, అంతకు మించిన అందం లేదు.

లైట్లు: ఎల్ఈడీ బల్బు పాత రిఫ్లెక్టర్‌లో పెడితే వెలుగు రోడ్డు మీద కాకుండా ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మామూలు హెచ్4 హాలోజన్ 60/55 వాట్లు, దానికి రిలేలు వేసి బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు లాగించండి. పాత స్విచ్చు గుండా సగం కరెంటు పోవడం వల్లే దీపం గుడ్డిదవుతుంది, బల్బు తప్పు కాదు. ముందు ఇనుప బంపర్ గార్డు ఉంటే తీసేయండి, 2017 డిసెంబర్ నుంచి అవి నిషేధం.

మారుతి ఇంజిన్: ఇది వింటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. మారుతి 800 ఇంజిన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది, మీ కారుకి వెనక చక్రాలు తిరగాలి. అందుకని ఓమ్నీ ఇంజిన్, గేర్‌బాక్స్ తెచ్చి పెడతారు. అది 796 సీసీ. మీ పద్మినిది 1,089 సీసీ, పవర్ నలభై హార్స్‌పవర్ చుట్టూ. అంటే అంత ఖర్చు పెట్టి, మౌంటింగులు కోసి, ప్రొపెల్లర్ షాఫ్ట్ మార్చి, మీరు తెచ్చుకునేది అంతకంటే తక్కువ శక్తి! పైగా ఇంజిన్ నంబరు, సీసీ అన్నీ ఆర్సీకి తేడా. అనుమతి లేకుండా చేసి రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకు చేతిలో కారణం పెట్టినట్టే. ఉన్న ఇంజిన్‌కి బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, క్రాంకు గ్రైండింగ్, బేరింగులు పడితే ఇంకో ఇరవై ఏళ్లు మీకేం చెప్పదు. కరెంటు కారుగా మార్చాలన్న సరదా ఉంటే అది వేరే దారి: పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు ఆమోదించిన కిట్, ఆ కిట్ మీ మోడల్‌కి ఆమోదం పొంది ఉండాలి, బిగించేవాళ్లకు అనుమతి ఉండాలి, ఆర్సీలో ఇంధనం మారాలి. గల్లీలో బ్యాటరీలు కట్టి ఇస్తానన్నవాడి దగ్గరికి వెళ్లొద్దు.

మీరు అడగనిది ఒకటి నేనే చేర్చుతున్నా: ముందు సీట్లకు బెల్టులు లేకపోతే పెట్టించండి. తుప్పు లేని చోట, లోపలి వైపు మందపాటి ప్లేటు వేసి బోల్టు బిగించాలి. బోల్టు రేకులోంచి పీక్కొచ్చేలా ఉంటే బెల్టు పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.

పొల్యూషన్ టెస్టుకి పాత కారు పాస్ కాదన్నది అపోహ. 2000కు ముందు కార్లకు ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజిన్ తిరిగేటప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్ 1,500 పీపీఎం దాకా ఉండొచ్చు, సరిగ్గా ట్యూన్ చేసిన కార్బురేటర్ దీన్ని దాటదు. చల్లటి ఇంజిన్‌తో వెళ్లొద్దు. ఇరవై నిమిషాలు నడిచిన వేడి ఇంజిన్, చోక్ పూర్తిగా లోపలికి, కొత్త ప్లగ్గులు, శుభ్రమైన ఎయిర్ ఫిల్టర్, సరిచేసిన పాయింట్లు, అంతే. నీలం పొగ వస్తోందంటే అది ట్యూనింగ్ పని కాదు, రింగుల పని.

వింటేజ్ నంబరు గురించీ అడిగారు. 2021 జులైలో వచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. మీది 1991, అంటే 2041 దాకా ఆగాలి! పైగా దానికి ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు, రోజూ వాడుకోకూడదు, ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోల్ పోయించుకోవడానికి, రిపేర్లకు మాత్రమే. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే 20,000, పదేళ్ల గడువు. మీకు ఆఫీసుకు తిప్పుకోవాలని ఉంది కాబట్టి యాభై ఏళ్లు వచ్చినా మామూలు రెన్యువలే మేలు. వింటేజ్ చూడాలనిపిస్తే ఒక ఆదివారం చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లి నిజాం పసుపు పచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసి రండి, వందేళ్లు దాటిన బండి అలా ఎలా ఉందో దాని పాలిష్‌లో కాదు, నట్టు బోల్టుల్లో చూడండి.

విడిభాగాలకి పుత్లీబౌలి, జాంబాగ్ మొదట తిరగండి. బేరింగులు, హోసులు, హార్డ్‌వేర్ రాణీగంజ్‌లో. డోర్ హ్యాండిళ్లు, అద్దం ఫ్రేములు, మీటర్ బోర్డుల్లాంటివి ఓపికుంటే జుమ్మేరాత్ బజార్‌లో పొద్దున్నే దొరకొచ్చు, పదికెళ్తే ఏమీ మిగలదు. ఇక్కడ లేనివి ముంబై కుర్లా వైపు నుంచి తెప్పించుకోవాలి. కారు పుట్టింది అక్కడే, ఒకప్పుడు అక్కడి ట్యాక్సీలు దాదాపు అన్నీ ఇవే, చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబర్‌లో గానీ ఆగలేదు, అందుకని సరుకు ఇంకా ఉంది. రబ్బరు సామాను మాత్రం పాత స్టాక్ కొనకండి, ప్యాకెట్ విప్పకపోయినా వయసు వయసే.

ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ తప్పనిసరి. 1,000 నుంచి 1,500 సీసీ సొంత కార్లకు 2022లో పెట్టిన రేటు ఏడాదికి 3,416, దానిపై జీఎస్టీ. సొంత నష్టానికి కవర్ ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి, ఇస్తామన్నవాళ్లకు బండిలో మార్చినవన్నీ ముందే రాసివ్వండి.

డబ్బు వరుస నేనైతే ఇలా పెడతాను: కాగితాలు, బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, పెట్రోల్ లైను, వైరింగ్, రేకు వెల్డింగ్, ఇంజిన్, ప్రైమర్ మీద ఇన్‌స్పెక్షన్ చూపించొచ్చేమో ముందే అడిగి తెలుసుకోవడం, ఆ తర్వాత మీ పెయింటర్. అతను మంచివాడే అయితే ఆరు నెలలు ఆగుతాడు.

మీ దగ్గర నుంచి నాకు రెండు విషయాలు కావాలి. గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉందా, కింద ఫ్లోర్ మీద ఉందా, అలాగే ఇంజిన్‌కి కరెంటు తయారుచేసేది పాతరకం డైనమోనా, ఆల్టర్నేటరా. ఆల్టర్నేటర్ అయితే వైరింగ్ సెట్ వేరే రకం కొనాలి, మా ఉస్తాద్ దగ్గర ఒకటి కట్ట విప్పకుండా ఉంది, ఆగమని చెప్పి పెడతాను. ఛాసిస్ నంబరు ఫొటో మాత్రం తీసి మీ దగ్గరే దాచుకోండి, ఎక్కడా పెట్టకండి, నాకు కూడా పంపొద్దు.